ల్యాండ్‌లైన్ టెస్ట్ నంబర్లు మన జిల్లాల్లో ఇంకా పనిచేస్తాయా?

నరసన్నపేట నుంచి ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్న కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. అమెరికాలో కొన్ని నంబర్లకు ఫోన్ చేస్తే మన నంబరే మనకు చదివి వినిపిస్తుందట. కొన్నిటికి చేస్తే ఒకటే ఈల వస్తుందట. ఇంకొన్నిటికి చేసి పెట్టేస్తే మన ఫోనే తిరిగి మోగుతుందట. వాటిని వెతికి పట్టుకోవడమే హాబీగా పెట్టుకున్నవాళ్లు ఉన్నారట. "విజయనగరంలో మా తాతగారింట్లో ల్యాండ్‌లైన్ ఇంకా ఉంది. అలాంటి నంబర్లు మనకీ ఉన్నాయా? లేదంటే 08922 సిరీస్‌లో వరసగా ఒక్కో నంబరూ కొట్టుకుంటూ పోతే దొరుకుతాయా?" అని అడిగాడు.

బాబూ, నేను లైన్‌మన్‌గా చేరి విజయనగరం, శ్రీకాకుళం, టెక్కలి వైపు స్తంభాలెక్కి, చివరి పదేళ్లు ఎక్స్ఛేంజిలో కూర్చుని రిటైరైనవాణ్ణి. సూటిగా చెప్తాను. ఉండేవి. రాగి తీగ మిగిలిన కొన్నిచోట్ల ఇంకా ఉండొచ్చు. కానీ అవి ఎక్స్ఛేంజికో రకం. ఒక ఊళ్లో పనిచేసేది పక్క ఊళ్లో పనిచేయదు. దేశమంతటికీ కలిపి ఒక జాబితా అంటూ ఎప్పుడూ లేదు. వరసగా కొట్టుకుంటూ పోవడం మాత్రం వద్దు. దానికి చట్టం ఒక కారణం, అంతకన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది, తర్వాత చెప్తాను.

ముందు తాతగారి లైను ఏ రకమో చూడండి. గోడ మీద లైట్లు వెలిగే చిన్న పెట్టె ఉండి, ఫోను దాన్లోంచి వస్తుంటే అది ఫైబర్. అప్పుడు మీకు వినపడే డయల్ టోన్ ఆ పెట్టే తయారుచేస్తోంది, ఎక్స్ఛేంజి కాదు. పాత టెస్ట్ నంబర్లకు అక్కడ పనే లేదు. అలా కాక స్తంభం నుంచి సన్నటి నల్ల తీగ నేరుగా ఫోను దాకా వచ్చి ఉంటే రాగి లైను. కరెంటు పోయినా ఫోను పనిచేస్తే ఖాయం చేసుకోవచ్చు, ఎందుకంటే దానికి కరెంటు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి వస్తుంది, 48 వోల్టులు.

ఇప్పుడు అసలు ఈ నంబర్లు ఎందుకు పుట్టాయో చెప్తాను. అది తెలిస్తే మిగతా సగం మీకే అర్థమవుతుంది.

లైన్‌మన్ ఒంటరివాడు. స్తంభం మీదో, వానలో పిల్లర్ (తీగల జతలన్నీ కలిసే రోడ్డు పక్క పెట్టె) దగ్గరో, ఎవరింట్లోనో ఉంటాడు. తీగ బాగుచేశాక మూడు సంగతులు తెలియాలి. ఇది ఎవరి లైను? గంట మోగుతుందా? మాట శుభ్రంగా వెళ్తుందా? పాత రోజుల్లో ఈ మూడిటికీ ఎక్స్ఛేంజిలో టెస్ట్ డెస్క్ మీద కూర్చున్న మనిషిని పిలిచేవాళ్లం. "ఓ రింగ్ కొట్టు బాబూ" అంటే కొట్టేవాడు. ఆయన టీకి వెళ్తే మేం స్తంభం మీదే. ఆ మనిషి చేసే పనిని యంత్రానికి అప్పగించి దానికో నంబరు ఇచ్చారు. అవే మీరు వెతుకుతున్న వింత నంబర్లు. లైన్‌మన్ సౌకర్యం కోసం పెట్టినవి తప్ప వాటిలో రహస్యమేమీ లేదు. రహస్యంగా ఉంచింది కూడా జనం వాడి లైన్లు బిజీ చేస్తారనే.

మన దగ్గర అందరికీ తెలిసిన ప్రత్యేక నంబర్లు 1తో మొదలయ్యేవి. ట్రంకాల్ బుకింగ్‌కి 180, నంబరు కనుక్కోడానికి 197, ఫాల్టు చెప్పడానికి 198. టెస్ట్ నంబర్లు వీటి చాటున, ఏ ఎక్స్ఛేంజికి ఆ ఎక్స్ఛేంజిలో వేసుకునేవి. సీ-డాట్ (మన దేశంలోనే ఎక్స్ఛేంజిలు రూపొందించిన ప్రభుత్వ సంస్థ) వచ్చాక ఇది పల్లెలకూ పాకింది. 1984లో ఆ సంస్థ పెట్టారు, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటి పల్లె ఎక్స్ఛేంజి నడిచింది. 128 లైన్ల పెట్టె, ఏసీ అక్కర్లేదు, మామూలు గదిలో ఉండేది. అలాంటివి మన వైపు వచ్చేసరికి మాకు పండగే.

తిరిగి మోగించే నంబరు. లైన్‌మన్ ఆ నంబరు కొట్టి రిసీవర్ పెట్టేస్తాడు. రెండు మూడు సెకన్లలో ఆ ఫోనే మోగుతుంది. గంట బాగుందని తేలిపోతుంది.

దీని మీద ఒక కథ చెప్పాలి. తొంభైల్లో, విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో ఒక పాత పెంకుటిల్లు. 198కి ఫిర్యాదు: ఫోను మోగుతుంది, ఎత్తితే ఎవరూ ఉండరు. వెళ్లాను. ఆ ఇంటి మామ్మగారు గుమ్మంలోనే అందుకున్నారు. "ఏటి బాబూ, మీ ఫోనుకి దెయ్యం గానీ పట్టీసిందేటి?" లైను చూశాను, బాగుంది. రెండోసారి ఫిర్యాదు, ఫోను మార్చాను. మూడోసారి, స్తంభం నుంచి తీగే మార్చాను. నాలుగోసారి వెళ్లినప్పుడు బుద్ధొచ్చి, ఏ వేళకు మోగుతోందని అడిగాను. రోజూ సాయంత్రం నాలుగూ నాలుగున్నర మధ్య, ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు. అప్పుడు ఫోను వైపు చూశాను. తిప్పే డయల్ ఫోను. పది కన్నాల్లో రెండిటికే నూనె జిడ్డు, అందులో ఒకదాని అంచుకి జంతిక ముక్క అంటుకుని ఉంది. ఆ రెండు అంకెలతోనే మా టెస్ట్ నంబరు.

తొమ్మిదేళ్ల మనవడు తలుపు చాటు నుంచి నన్నే చూస్తున్నాడు. నేను మొదటిసారి వచ్చినప్పుడు నా వేలు ఏ కన్నంలోకి వెళ్లి ఎంతసేపు తిరిగిందో చూసి పట్టేశాడు. నంబరు తిప్పి పెట్టేయడం, ఫోను మోగగానే మామ్మ ముందు గదిలోకి రావడం, వీడు వెనక వసారాలోంచి వంటింట్లో దూరి జంతికల డబ్బా తీయడం. పట్టివ్వలేదు. "లైను సరైపోయింది, ఇక మోగదు" అని మామ్మగారికి చెప్పి, బయటికొచ్చి వాడి చెవి మెల్లిగా మెలేసి, కాగితం మీద 'టెస్టెడ్ ఓకే' అని రాసి సంతకం పెట్టాను. అమెరికాలో ఈ హాబీకి పెద్ద చరిత్రే ఉంది గానీ, నాకు ఎదురైన మొదటి హాబీదారుడు వాడే.

నంబరు చదివి వినిపించేది. అమెరికాలో ఇది బాగా వాడతారు. పిల్లర్ తెరిస్తే వందల జతల తీగలు. పాత కాగితాలు తడిసిపోయి ఉంటాయి, పేరు రాసిన చీటీలు చీమలు తినేసి ఉంటాయి. ఏ జత ఎవరిదో చెప్పే యంత్రం ఉంటే ఎంత హాయి! మా చేతికి సెల్‌ఫోన్లు వచ్చాక ఆ బాధ తీరింది. జతకి టెస్ట్ ఫోను తగిలించి మా సెల్‌కే మిస్‌డ్ కాల్ ఇచ్చుకునేవాళ్లం. తెర మీద నంబరు పడేది. మీరూ అదే చేయొచ్చు, వెతుకులాట అక్కర్లేదు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలి, మరిచిపోవద్దు. మరిచిపోతే ఒక ప్రకటన వినిపించవచ్చు, దాన్నీ రికార్డు చేసుకోండి. ఎందుకో చివర్లో చెప్తాను.

ఈల వినిపించేది. మీరు వీడియోల్లో విన్న ఒకే తీరు ఈల పేరు మిల్లీవాట్ టోన్. ఎక్స్ఛేంజి ఒక తెలిసిన బలంతో శబ్దం పంపుతుంది. ఇవతల మీటరుతో కొలిస్తే దారిలో ఎంత తగ్గిందో తేలుతుంది. అది ఎన్ని హెర్ట్జ్ అంటే చాలామంది 1000 అంటారు. అమెరికాలో వాడేది 1004. ఆ నాలుగు ఎందుకు? డిజిటల్ ఎక్స్ఛేంజి మన గొంతుని సెకనుకు 8000 సార్లు తూకం వేస్తుంది. 1000తో భాగిస్తే సరిగ్గా ఎనిమిది. అంటే ప్రతి అలలోనూ అవే ఎనిమిది చోట్ల తూచి, మళ్లీ మళ్లీ అవే ఎనిమిది అంకెలు పంపుతుంది. మిగతా అంకెల్లో తేడా ఉన్నా బయటపడదు. కాస్త పక్కకు జరిపితే ప్రతి అల కొత్త చోట తూకానికి వస్తుంది. అంతర్జాతీయంగా 1020 పెట్టుకున్నదీ ఇందుకే. నాకు ఇది సర్వీసులో చేరిన పదేళ్లకు గానీ అర్థం కాలేదు. ఎవరో శిక్షణలో చెప్పారు, ఆ రోజు భోజనం సహించలేదు, అంత సంతోషం.

ఏమీ వినిపించనిది. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. అవతల చివర ఒక రెసిస్టర్ తగిలించి ఊరుకుంటారు, ఏ శబ్దమూ పంపరు. ఫోను చెవికి పెట్టుకుంటే మీ లైను సొంత గొంతు వినిపిస్తుంది. కళింగపట్నం వైపు తీగ అయితే ఉప్పు గాలికి అతుకుల్లో చిలుము పట్టి గరగర. గాలి వీచి తీగ ఊగినప్పుడల్లా అది ఎక్కువవుతుంది. పలాస రోడ్డులో హైటెన్షన్ లైను పక్కన పోయే తీగ అయితే ఒక సన్నటి గుంయ్. కరెంటు 50 హెర్ట్జ్ కదా అని దాన్నే వింటున్నాం అనుకుంటారు. టెలిఫోను 300కి కిందివి దాదాపు వినిపించనివ్వదు, మీరు వినేది దాని పిల్లలని, 350, 450 లాంటివి. వాన వెలిసిన మర్నాడు కేబుల్లో నీళ్లు దిగితే ఇంకోరి మాటలు లీలగా వస్తాయి. అది విన్నప్పుడు రిసీవర్ పెట్టేయాలి. మాకు అది మొదటి పాఠం, మీకు కూడా.

టోన్లు వినడం కూడా మొదలుపెట్టండి. మన దేశపు డయల్ టోన్ 400 హెర్ట్జ్ మీద 25 హెర్ట్జ్ ఊపు, అందుకే దానికి కాస్త గరుకుదనం. అవతల మోగుతున్నప్పుడు మనకు వినిపించేది 0.4 సెకను, 0.2 విరామం, మళ్లీ 0.4, తర్వాత రెండు సెకన్ల విరామం. బిజీ ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. అదే పావు సెకనుకోసారి గబగబా వస్తే అవతలి మనిషి బిజీ కాదు, మధ్య దారిలో లైన్లు చాల్లేదు. ఈ తేడా తెలియక "ఆవిడ గంట నుంచి మాట్లాడుతూనే ఉంది" అని అపార్థాలు చేసుకున్న దంపతులు నాకు తెలుసు.

ఇక ఇక్కడ గట్టి హెచ్చరిక. అమెరికా జాబితాల్లో టెస్ట్ లైన్లకు రకాల పేర్లుంటాయి: 100 రకం, 102 రకం, 108 రకం. 100 అంటే నిశ్శబ్ద లైను, 102 అంటే మిల్లీవాట్ ఈల, 108 అంటే పంపింది తిరిగి పంపేది. అవి రకాలకు పెట్టిన అంకెలే తప్ప డయల్ చేసే నంబర్లు కావు. మన దేశంలో 100 పోలీసు, 102 అంబులెన్సు, 108 అంటే 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అంబులెన్సు సేవ. "టెస్ట్ లైనేమో చూద్దాం" అని 108 కొట్టారనుకోండి, అవతల ఒక మనిషి ఎత్తుతారు. ఆ నిమిషంలోనే రణస్థలం హైవే మీద ఎవరో నిజంగా ఆ నంబరే కొడుతుండొచ్చు. 112తో కూడా ఆటలొద్దు.

అమెరికా హాబీ సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను, దాని మీద చదవడానికి చాలా ఉంది. అక్కడ లూప్ లైన్లని జంటలు ఉండేవి. ఒకరు ఒక నంబరుకి, ఇంకొకరు రెండోదానికి చేస్తే ఇద్దరూ కలిసేవారు. కొలతల కోసం పెట్టినదాన్ని కుర్రాళ్లు కబుర్లకు వాడుకున్నారు. జో ఎంగ్రెసియా అనే పుట్టు అంధుడు చిన్నప్పుడే నోటితో 2600 హెర్ట్జ్ ఈల వేస్తే దూరపు లైను తెగిపోతుందని కనిపెట్టాడు. అప్పట్లో అక్కడి దూరపు లైన్లు 'ఖాళీ' అని చెప్పుకోడానికి ఆ ఈలనే వాడేవి. మాట వెళ్లే దారిలోనే ఆజ్ఞలూ వెళ్లడం దాని లోపం. ఆజ్ఞలకు వేరే దారి వేసేశాక ఆ తాళంచెవి పనికిరాకుండా పోయింది. ఈరోజు మీరు ఫోన్లోకి ఎంత ఈల వేసినా పక్కింటి కుక్క వస్తుందేమో గానీ లైను తెగదు.

మన వాళ్ల సొంత విద్య ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ రాయరు. తిప్పే డయల్‌కి చిన్న తాళం వేసేవారు గుర్తుందా? తాతగారిని అడగండి. బిల్లు పెరుగుతుందని మూడో కన్నంలోనో నాలుగోదాంట్లోనో బుల్లి తాళంకప్ప. కుర్రాళ్లు ఏం చేసేవారంటే, రిసీవర్ పెట్టే మీటని వేలితో టకటకమని కొట్టేవారు. మూడుసార్లు కొడితే 3, పదిసార్లు కొడితే 0. డయల్ చేసేది కూడా అదే పని, తీగని సెకనుకు పదిసార్లు తెంపి కలపడం. రెండు అంకెల మధ్య కాస్త ఆగాలి, అంతే. సున్నాలు ఎక్కువున్న నంబరు దగ్గర లెక్క తప్పి ఎవరింటికో పోయేది. శ్రీకాకుళంలో ఒక బట్టల షాపు ఓనరు "తాళం నా జేబులో ఉంది, ఎస్టీడీ బిల్లు ఎలా వచ్చింది?" అని మా ఆఫీసుకొచ్చి గొడవ. గుమస్తా కుర్రాడు గుమ్మం బయట నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. బిల్లు సరైనదేనండీ అన్నాను, ఇంకేమీ అనలేదు.

సరే, వరసగా కొట్టుకుంటూ పోవడం ఎందుకొద్దో చెప్పాలి కదా. చట్టం సంగతి: 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలో 42వ సెక్షన్ ప్రకారం నెట్‌వర్క్‌లోకి అనుమతి లేకుండా చొరబడినా, చొరబడాలని చూసినా మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా పడొచ్చు. నంబరు కొట్టడమే చొరబడటం కాదు. కానీ టెస్ట్ నంబరు అనుకుని మీరు తట్టింది ఎవరి సిస్టమ్ తలుపో మీకు తెలియదు, సరదాగా వెళ్లానని చెప్పుకోవాల్సిన పరిస్థితి రావచ్చు.

రెండోది నాకు ముఖ్యం. ఒకసారి ఉద్దానం వైపు ఒక చిన్న ఎక్స్ఛేంజిలో, రాత్రిళ్లు వరసగా ఒక్కో ఇంటి ఫోను ఒక్కోసారి మోగి ఆగిపోతోందని ఫిర్యాదులొచ్చాయి. ఆ ఊళ్లలో ఇంటికొకరు దూరదేశం పనికి వెళ్లినవాళ్లే. రాత్రి ఫోను మోగిందంటే వాళ్లకి ఒకటే అర్థం. ఒకింట్లో పెద్దాయన చీకట్లో ఫోను కోసం లేచి గడప తగిలి పడ్డాడు. నేను వెళ్లేసరికి కాలికి పసుపు కట్టు వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. కోడలు నన్ను అడిగింది ఒక్కటే: "ఆ ఫోను గల్ఫ్ నుంచి కాదు కదండీ?" అది ఎవరు చేశారో తేలలేదు. ఇప్పటికీ ల్యాండ్‌లైన్ ఉంచుకున్న ఇళ్లలో ఎక్కువ ఉన్నది ముసలివాళ్లే, మీ తాతగారితో సహా.

సెల్‌ఫోన్ కోడ్‌ల గురించి కూడా అడుగుతారని తెలుసు. *#06# కొడితే ఐఎంఈఐ (ఆ ఫోనుకి ఉండే గుర్తింపు నంబరు) వస్తుంది, ఏ ప్రమాదమూ లేదు. *#21# మీ కాల్స్ ఎక్కడికైనా మళ్లుతున్నాయా అని చూపించడానికి. కానీ నక్షత్రం (*), హ్యాష్ (#) గుర్తుల మధ్యలో ఎవరిదో పది అంకెల నంబరు ఉన్న కోడ్ ఎవరు చెప్పినా కొట్టొద్దు. అది మీ కాల్స్‌ని, వాటితో వచ్చే ఓటీపీలని వాళ్లకు మళ్లించే కోడ్. ఈ మోసం పెరిగిపోయి, 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలా కోడ్ కొట్టి మళ్లించే సదుపాయాన్ని ఆపేయమని టెలికాం శాఖ కంపెనీలకు చెప్పింది. అలాగే విదేశీ నంబరు నుంచి ఒక్క రింగిచ్చి ఆగితే, అదేదో వింత దేశం కోడ్ అని సరదాపడి తిరిగి చేయకండి. నిమిషానికి ఎంత పడుతుందో బిల్లొచ్చాకే తెలుస్తుంది.

మరి ఏం చేయాలి అంటే, సొంత ఎక్స్ఛేంజి పెట్టుకోండి. నవ్వకండి. పాత కంప్యూటరు మీద ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఇంట్లోనే చిన్న ఎక్స్ఛేంజి. అందులో మిల్లీవాట్ అనే ఆజ్ఞ ఉంది, అదే 1004 హెర్ట్జ్ ఈల. ఎకో అనే ఆజ్ఞ మీ మాట మీకే తిరిగి పంపుతుంది. నంబరు చదివి వినిపించేది, తిరిగి మోగించేది మీరే రాసుకోవచ్చు. పాత ఫోను తగిలించడానికి ఒక అడాప్టరు కావాలి. తిప్పే డయల్ అర్థం చేసుకునే అడాప్టర్లు కొన్నే, కొనే ముందు పల్స్ డయలింగ్ ఉందా అని అడగండి. బయటి ఫోన్ నెట్‌వర్క్‌కి మాత్రం కలపకండి, ఇంట్లో వరకే. విదేశాల్లో కలెక్టర్స్ నెట్ అని పాత ఫోన్లు సేకరించేవాళ్లు తమ ఎక్స్ఛేంజీలను ఇంటర్నెట్ మీద ఇలాగే ఒకరితో ఒకరు కలుపుకున్నారు.

ఇంకో పని కూడా ఉంది, దానికి ఖర్చు లేదు. తాతగారి లైను మీద వినిపించే ప్రకటనలు రికార్డు చేయండి. "ఈ రూట్‌లోని లైన్లన్నీ రద్దీగా ఉన్నాయి" అని తెలుగులో చెప్పే ఆ గొంతు, ఆ టోన్లు, ఎక్స్ఛేంజి మారిన రోజున పోతాయి. నా దగ్గర ఒక క్యాసెట్టు ఉండేది, తిత్లీ తుపానుకి తడిసిపోయింది. ఏ ఊరు, ఏ తేదీ అన్నది రికార్డు మొదట్లో మీ నోటితోనే చెప్పండి.

తాతగారి అటక మీద తిప్పే ఫోను ఉంటే దించండి. సున్నా తిప్పి వదిలితే డయల్ వెనక్కి రావడానికి ఒక సెకను పట్టాలి. రెండు సెకన్లు పడుతుంటే లోపల గ్రీజు గట్టిపడినట్టు. కుట్టుమిషను నూనె సూదిమొనతో ఒక్క చుక్క, ఇరుసు దగ్గర మాత్రమే. కొబ్బరినూనె పోయకండి, బొద్దింకలు కాపురం పెడతాయి. ఒకటి విప్పి చూశాను కాబట్టి చెప్తున్నాను.